నీళ్ళలో ఒక లోడు

మొన్న వేలూరు సత్తువాచారిలో అద్దె ఇల్లు మారవలసి వచ్చింది. కొత్త ఇంటి యజమాని మర్యాదస్తుడు. కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, ఆ తర్వాత పదిహేడు పేజీల అగ్రిమెంటు చేతిలో పెట్టాడు. పదకొండో పేజీలో, అద్దెకుండేవారు కుళాయి వాడుకున్న పిమ్మట కట్టివేయవలెను అని ఉంది. పన్నెండో పేజీలో మెట్ల మీద పడుకోరాదు అని ఉంది. ఈ వయసులో నేను మెట్ల మీద పడుకుంటానని ఆయనకు ఎందుకనిపించిందో తెలియదు. నాకు ముందున్నవాళ్ళు ఎవరో పడుకుని ఉంటారు. ఇలాంటి షరతు ఒకటి కనబడిందంటే దాని వెనకాల ఎవరో ఒక మనిషి ఉన్నాడనే లెక్క.

నేను మాత్రం కుళాయి దగ్గరే ఆగిపోయాను. ఇది గుడియాత్తంలో ఉండే ఒకాయనకు చదివి వినిపించాలి అనుకున్నాను. ఆయన వెంటనే నవ్వడు. తువ్వాలు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుని, "నోట్లో పోసుకున్నాక మింగాలని గుడక రాసినారా, చూడు" అంటాడు.

ఫోన్ చేశాను. ఆయన కూతురు తీసింది.

"నాయన పోయి నాలుగు నెలలాయె చిన్నాయనా. నీకు ఎవురూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసే ఉంటుందని అందరూ అనుకున్నారట.

ఆయనది గుడియాత్తం నుంచి కే.వి.కుప్పం పోయే దారిలో ఒక దుంగల యార్డు. అగ్గిపుల్లలు చేసే ఫ్యాక్టరీకి దుంగలు సరఫరా చేసేవాడు. ఇల్లు కట్టడానికీ తలుపులు చేయడానికీ పనికిరాని మెత్తని చెట్లు కొన్ని ఉంటాయి, పెద్దమాను లాంటివి. రైతులు వాటిని పొలం గట్ల మీద పట్టించుకోకుండా వదిలేస్తారు. ఆయన వాటి కోసమే ఊళ్ళు తిరిగేవాడు. బస్సులో పోతూ కిటికీలోంచి చెట్టును చూసి ఎన్ని దుంగలవుతుందో చెప్పేవాడు. మనుషులనూ అలాగే చూస్తాడేమోనని నాకు అనుమానం. నన్ను మొదటిసారి చూసినప్పుడు ఎగాదిగా చూసి ఊరుకున్నాడు. పెద్దగా ఏమీ రాదని తేల్చుకుని ఉంటాడు.

కుడిచేతి బొటనవేలి గోరు మాత్రం కొంచెం పొడుగ్గా పెంచేవాడు. దుంగ కోసిన ముఖం మీద ఆ గోరు గుచ్చి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. దుంగ సంగతి అంతటితో తేలిపోయేది. అలవాటు ముదిరి, కనబడిన కర్రకల్లా గోరు గుచ్చేవాడు. టీ కొట్టు బెంచీకి గుచ్చేవాడు, బస్టాండు కుర్చీకి గుచ్చేవాడు. నా ఆఫీసు ద్వారబంధానికి గుచ్చి, "టేకని చెప్పినారా నీకు?" అని జాలిగా చూశాడు.

ఇంకో అలవాటు ఉండేది. ఆయన ఏ మాటా పూర్తిగా చెప్పేవాడు కాదు. "వాన గినా వచ్చిందంటే..." అని ఆకాశం వైపు చూసేవాడు. ముగ్గురు లేచి పోయి టార్పాలిన్లు కప్పేవాళ్ళు. "ఆ లారీ డ్రైవరు..." అని తువ్వాలు విదిలించేవాడు. వాడికి అన్నం పెట్టి పంపాలో, తిట్టి పంపాలో వినేవాళ్ళకు తెలిసిపోయేది. నేనొక్కడినే మిగతా సగం కోసం నోరు తెరుచుకుని నిలబడేవాణ్ణి. పేపరువాడికి అది వృత్తిరోగం. నా అవస్థ చూసి ఆయన, "తెలిసిందే గదప్పా" అనేవాడు. ఆయన పూర్తిగా చెప్పే మాట దాదాపు అదొక్కటే.

మా ఇద్దరికీ పరిచయం కావడానికి కారణం నా తప్పే.

నేను అప్పట్లో చిత్తూరు నుంచి వచ్చే ఒక తెలుగు దినపత్రికకు వేలూరు వార్తలు రాసేవాణ్ణి. వేలూరులో తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు, చదవగలిగేవాళ్ళు తక్కువ. కాబట్టి నా పాఠకుల్లో ఎక్కువమంది నా వార్తల్లోని మనుషులను ఎప్పుడూ చూడనివాళ్ళు. ఆ మనుషులేమో నా వార్తలు చదవలేనివాళ్ళు. ఇంతకంటే క్షేమమైన విలేకరి ఉద్యోగం ఇంకెక్కడా ఉండదు.

ఆయనకూ ఫ్యాక్టరీకీ పదిహేనేళ్ళ ఒప్పందం ఉండేది. రెండు పేజీల స్టాంపు కాగితం. నెలకు ఇన్ని లోడ్లు, తూకం లెక్కన, "మంచి రకం కలప" ఇవ్వాలి. దాదాపు అంతే. అయిదో ఏడు ఫ్యాక్టరీకి కొత్త మేనేజరు వచ్చాడు. కోయంబత్తూరు మనిషి, ఇంట్లో తెలుగే. అంతకు ముందు తలుపుల కలప వ్యాపారంలో పని చేశాడు. ఈ మేనేజరు రాకముందే పుల్లలు చెక్కే మిషను నాలుగు రోజులు ఆగిపోయి ఉంది. కారణం వెతుకుతూ గేటు దగ్గర నిలబడ్డాడు. లారీలోంచి నీళ్ళు కారుతున్న దుంగలు దిగడం చూశాడు. తలుపుల వ్యాపారంలో మంచి కలప అంటే బాగా ఎండినది. పచ్చిది పెడితే తలుపు వంకర పోతుంది. అదీగాక ఇక్కడ తూకం లెక్కన కొంటున్నారు. మేనేజరుకు దొంగ దొరికేశాడు. లోడ్లు వెనక్కు పంపాడు. పచ్చి కలప ఇచ్చి ఒప్పందం తప్పావు కాబట్టి ఒప్పందం రద్దు అని నోటీసు ఇచ్చాడు.

పెద్దాయన కోర్టుకు పోయాడు. ఆ ఫ్యాక్టరీ ఒక్కటే ఆయన దగ్గర కొనేది. ఒప్పందం పోతే యార్డు మూతే. చెట్లు కొట్టేవాళ్ళు, బెరడు తీసేవాళ్ళు అంతా కలిపి పదకొండు కుటుంబాలు ఆ యార్డును నమ్ముకుని ఉండేవి. వాళ్ళు జోలార్పేటలో రైలెక్కి బెంగళూరు కూలికి పోవాల్సిందే.

నేను కోర్టులో నోటీసు కాగితం చూసి వార్త రాశాను. "నీళ్ళు తూచి అమ్మిన కలప వ్యాపారి?" అని శీర్షిక పెట్టాను. చివర ప్రశ్నార్థకం పెట్టాను. మా వృత్తిలో అది గొడుగు లాంటిది. తడిసేది ఎప్పుడూ ఎదుటివాడే.

మూడో రోజు జిరాక్స్ షాపు పైనున్న నా గదిలోకి ఒక పెద్దమనిషి వచ్చాడు. చంకలో పేపరు, చేతిలో రెండు కర్ర ముక్కలు.

"ఇది రాసింది నువ్వేనా నాయనా?"

అవునన్నాను.

"నాకు తెలుగు చదివేదానికి రాదు. చదువు."

నా వార్తను దాని బాధితుడికి నేనే గట్టిగా చదివి వినిపించాను. అంతకు ముందు ఎన్నడూ చేయని పని. ప్రతి విలేకరీ ఒక్కసారైనా చేయాలని తర్వాత అనిపించింది. కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు.

"అబద్ధం ఒకటీ లేదు" అన్నాడు. శీర్షిక చివర గోరు పెట్టాడు. "ఈ కొక్కి ఎందుకు పెట్టినావు?"

"ఖచ్చితంగా తెలియదు కాబట్టి."

"తెలీకపోతే తెలుసుకోనొచ్చి రాయాలని మీ పేపరోళ్ళు యాడా రాసిపెట్టుకోలేదా?"

మాకు నియామక పత్రాలే ఉండేవి కావు, ఇంక నియమాలెక్కడివి.

ఆయన మొలలోంచి చాకు తీసి, పచ్చి కర్రను నా టేబులు మీద పెట్టి గీశాడు. ఉల్లిపొర లాగా పల్చటి చెక్కు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. ఎండిన కర్రను గీశాడు. పెచ్చులు పెచ్చులుగా విరిగి నా కాగితాల మీద పడింది.

"ఫ్యాక్టరీలో దుంగను మిషనుకు బిగించి తిప్పుతారప్పా. కత్తి దాన్ని గుడ్డ మాదిరి ఒలస్తాది. ఆ గుడ్డను కోస్తే పుల్లలు. ఎండిన దుంగ పెడితే..." అని నా టేబులు మీది పెచ్చులను చూపించాడు. మిగతా సగం నాకు మొదటిసారి చెప్పకుండానే అర్థమైంది.

ఆ ఆదివారం యార్డుకు రమ్మన్నాడు. వెళ్ళాను. దుంగలు, బెరడు కుప్పలు, పచ్చి వాసన. పని లేక కూర్చున్న మనుషులు నన్ను చూసి లేచారు. కోర్టు మనిషి అనుకున్నారు. నేను పేపరు మనిషినని తెలిసి మళ్ళీ కూర్చున్నారు. మూలన పెద్ద సిమెంటు తొట్టి ఒకటి ఉంది. లారీ పట్టేంత తొట్టి. నీళ్ళు లేవు. అడుగున రెండు మేకలు కట్టేసి ఉన్నాయి.

"ఇదేమిటన్నా?"

"తొట్టి."

"అది సరే, ఎందుకు కట్టారు?"

"అప్పట్లో..." అన్నాడు. తువ్వాలు భుజం మార్చాడు. అటు తిరిగి, దుంగ ఒకదానికి గోరు గుచ్చాడు.

చుట్టూ అంతమంది ఉన్నారు. ఆయన సగం మాటలు పూర్తి చేయడంలో ఆరితేరినవాళ్ళు. ఆ ఒక్క సగాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

కేసు రెండేళ్ళు నడిచింది. మన కోర్టుల లెక్కన అది పరుగే. ఆయన సాక్ష్యం చెప్పిన రోజు నేను హాల్లో ఉన్నాను. జరిగిందంతా తమిళంలో. నేను మన మాటల్లో చెబుతున్నాను.

బోనెక్కగానే ఆయన చేసిన మొదటి పని బోను చెక్కకు గోరు గుచ్చడం. "మంచి టేకు" అన్నాడు తృప్తిగా. టైపిస్టు దాన్ని కూడా కొట్టబోయి ఆగింది. ఆమె కష్టాలు అక్కడితో మొదలయ్యాయి. ఆయన చెప్పే వాక్యాలకు చివరలు ఉండేవి కావు. ప్రతిసారీ తలెత్తి, "తర్వాత?" అనేది. "తర్వాత ఏముందమ్మా, తెలిసిందే గదా" అనేవాడు. జడ్జిగారు కలగజేసుకుని, తెలిసింది కూడా చెప్పాలని చెప్పవలసి వచ్చింది.

ఫ్యాక్టరీ వకీలు గట్టివాడు. కాగితం పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇందులో మంచి రకం కలప అని ఉంది. పచ్చి కలప అని ఎక్కడుంది?"

"పాలు పొయ్యమని రాసుకుంటే, పెరుగు పొయ్యగూడదని గుడక రాసుకుంటారా అయ్యా?"

"అడిగినదానికి జవాబు చెప్పండి. ఎక్కడ రాసుంది?"

"రాయలేదు."

"రాయనిది ఎదుటివాడికి ఎట్లా తెలుస్తుంది?"

ఆయన వకీలును పైనుంచి కిందికి చూశాడు. "మీరు నల్లకోటు ఏసుకోనొచ్చినారు. ఏసుకోమని యాడన్నా రాసుండాదా?"

"పెద్దాయనా," అన్నారు జడ్జిగారు, "అది రాసే ఉంది."

హాలంతా నవ్వింది. ఆయన నొచ్చుకోలేదు. నేల చూపులు చూస్తూ ఆలోచించాడు.

"అట్లయితే సామీ, మీరు లోపలికి వచ్చినప్పుడు అందురూ లేసి నిలబడినారే? అది?"

జడ్జిగారు ఒకసారి తన గుమాస్తా వైపు చూశారు. గుమాస్తా పైకప్పు వైపు చూశాడు.

"అది వళక్కం" అన్నారు చివరికి. ఇక్కడివాళ్ళు ఆనవాయితీని అట్లాగే అంటారు.

"నేను చెప్పేది గుడక అదే సామీ. వళక్కం. పుల్లల ఫ్యాక్టరీకి దుంగలంటే పచ్చివే. అది రాసేదానికి ఏముండాది?"

ఆయన పక్షాన వకీలు ముఖం వెలిగిపోయింది. అక్కడ ఆగి ఉంటే కథ సుఖాంతం. కానీ జడ్జిగారికి ఆసక్తి పుట్టింది. కలం కింద పెట్టి, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగారు.

"మీ వ్యాపారంలో ఇలా రాయకుండా నడిచే వళక్కాలు ఇంకేమైనా ఉన్నాయా?"

ఆయన వకీలు సగం లేచాడు. పెద్దాయన చూడలేదు. తువ్వాలు తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"ఉండాది సామీ. దుంగలిచ్చేవాడు ఎప్పుడూ ఒక లోడు తన యార్డులో నీళ్ళలో నానబెట్టి పెట్టుకోవాల. లారీ రాకపోయినా, వాగు పొంగినా, చెట్టు దొరక్కపోయినా ఆ లోడు పంపించి మిషను నిలబడకుండా చూడాల. నేను నాలుగేండ్లు పెట్టినాను. బావి ఎండిపోయిన ఏడు తీసేసినాను. వానలొచ్చి బావి నిండినాక గుడక మళ్ళీ పెట్టలేదు. ఎవురూ అడగలేదని పెట్టలేదు."

తన సంగతి ఒకటి ఆయన చివరిదాకా చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. టైపిస్టు మొదటిసారి "తర్వాత?" అనలేదు.

"ఫ్యాక్టరీ నాలుగు రోజులు ఆగింది ఇందువల్లేనా?" అని జడ్జిగారు అడిగారు.

"ఇందువల్లే సామీ."

వెనక బెంచీలో మేనేజరు తన పక్కవాడి చెవిలో ఏదో అడుగుతున్నాడు. ఈ నానబెట్టే లోడు సంగతి ఆయనకు అప్పటిదాకా తెలియదు. తెలిసిన పాత ఫోర్‌మన్ ఆయన రాకముందే రిటైరై పోయాడు. ఫ్యాక్టరీ తరఫు కేసంతా అసలు తప్పును వదిలిపెట్టి, పక్కనున్న ఒప్పును పట్టుకుని రెండేళ్ళు లాగింది. అసలు తప్పు తెలిసినవాడు ఒక్కడే. అతన్ని వాళ్ళెవరూ అడగలేదు.

బయట వరండాలో పెద్దాయన వకీలు గొంతు పెంచాడు.

"నిన్ను ఎవరు చెప్పమన్నారు?"

"జడ్జి అడిగినాడు గదప్పా."

"లేదంటే సరిపోయేది కదా! ఫ్యాక్టరీవాళ్ళకే తెలీదు. ఇంకెవరికి తెలుస్తుంది?"

"నాకు..." అన్నాడాయన.

వకీలు మిగతా సగం కోసం ఎదురుచూశాడు. తర్వాత తలపట్టుకున్నాడు. "రాయనిదానికీ బలముందని అన్ని వాయిదాల్లోనూ మొత్తుకున్నాను. ఇప్పుడదే మన మెడకు చుట్టుకుంటుంది."

"నువ్వు చెప్పిందే నేను చెప్పింది" అన్నాడాయన.

నేను వార్త రాసి పంపాను. డెస్కులో దాన్ని సరిహద్దు వార్తల కిందికి నెట్టి, రెండు అంగుళాలకు కోసి, ఒప్పుకున్న భాగం తీసేశారు. తన తప్పు తానే ఒప్పుకున్నవాడిలో వార్త ఏముంది.

తీర్పుకు మూడు నెలలు పట్టింది. ఆ మధ్యలో ఒకసారి యార్డుకు వెళ్ళాను. మేకలు లేవు. తొట్టి నిండా నీళ్ళు, నీళ్ళలో దుంగలు. మెత్తని కర్ర తేలుతుంది కాబట్టి, వాటి మీద రాళ్ళు పేర్చి ముంచారు. ఫ్యాక్టరీ ఒక్క లోడూ తీసుకోవడం లేదు. ఒప్పందం ఉందో పోయిందో తెలియదు. అయినా ఇక్కడ ఒక లోడు నానుతోంది. పదేసి రోజులకు పాత దుంగలు పైకి తీసి ఇటుక బట్టీకి కట్టెల కింద ఇచ్చేసి, కొత్తవి దింపుతున్నారు. నేను వెళ్ళిన రోజు ఆ పనే జరుగుతోంది. ఆయన తీసిన ప్రతి దుంగకూ గోరు గుచ్చి వాసన చూసి ముక్కు చిట్లిస్తున్నాడు.

"ఎవరికోసమన్నా ఇదంతా? కేసు ఓడిపోతే?"

"ఓడిపోతే..." అన్నాడు. ఆ సగం పూర్తి చేయడం నాకు చేతకాలేదు. ఆయన కూతురు టీ తెచ్చి ఇస్తూ, "నాయనకు ఇప్పుడు నిద్ర పడతా ఉండాది చిన్నాయనా. అదొక్కటే లాభం" అంది.

తీర్పు వచ్చింది. అగ్గిపుల్లల కలప పచ్చిగానే ఉండాలన్నది రాయకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే అన్నారు జడ్జిగారు. కాబట్టి రద్దు చెల్లదు, ఒప్పందం నడవాలి. ఇక నీళ్ళలో లోడు పెట్టడం కూడా రాయని షరతే. వాది దాన్ని తప్పాడు, తానే ఒప్పుకున్నాడు. అయితే ప్రతివాది ఆ సంగతి నోటీసులోనూ ఎత్తలేదు, జవాబులోనూ ఎత్తలేదు. ఎత్తని తప్పుకు శిక్ష వేయడం కుదరదు.

వకీలు స్వీట్లు పంచాడు. పదకొండు కుటుంబాలవాళ్ళు కోర్టు గేటు దగ్గర పెద్దాయన్ని భుజాలకెత్తుకోబోయారు. ఆయన ఒప్పుకోలేదు. నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"చేయని తప్పుకు నోటీసు ఇచ్చినారు, గెలిచినాను. చేసిన తప్పు కాగితంలో లేదంట, వదిలేసినారు. దీన్ని గెలిచిందంటారా అప్పా?"

చివర ఆ కొక్కి ఉంది. ఈసారి అది గొడుగు కాదు.

నెల తిరక్కుండానే మేనేజరు స్వయంగా యార్డుకు వచ్చాడట. దెబ్బ తిన్న మనిషి, కానీ చెడ్డవాడు కాదు. "పెద్దాయనా, ఇంగమీద ఏదీ తెలిసిందే అని వదిలేది వద్దు. అన్నీ రాసుకుందాము. మీ వళక్కాలు అన్నీ చెప్పండి" అన్నాడు. మూడు రోజులు బెంచీ మీద కూర్చుని పెద్దాయన చెప్పాడు, మేనేజరు రాసుకున్నాడు. దుంగ ఎంత పొడుగు, బెరడు ఎవరు తీయాలి, వాన రోజు లారీ ఎక్కడ ఆగాలి, డ్రైవరుకు అన్నం ఎవరు పెట్టాలి. "ఇంకేమైనా?" అని మేనేజరు అడిగినప్పుడల్లా ఇంకొకటి బయటపడేది. చివరికి "అంతే" అన్నాడు. ముప్పై ఒక్క పేజీలు అయింది. కూతురు మొత్తం చదివి వినిపించింది. తొమ్మిదో పేజీలో, సరఫరాదారు తన యార్డులో ఎల్లప్పుడూ ఒక లోడు దుంగలను నీళ్ళలో ఉంచవలెను అని ఉంది.

ఆ పేజీ దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపించాడట. "మళ్ళీ చదువు" అన్నాడట. విని, తమిళంలో సంతకం పెట్టి, కలం తిరిగి ఇస్తూ మేనేజరుతో ఇలా అన్నాడట: "బాగుండాది సార్. ఇంగ నేను మరిచిపోవచ్చు."

మేనేజరు దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

ఫోన్ చేసిన మర్నాడు గుడియాత్తం బస్సెక్కాను. నాలుగు నెలలు ఆలస్యంగా పరామర్శకు పోయేవాడు ఏం మాట్లాడాలో దారి పొడుగునా ఆలోచించాను. ఆ అవసరం రాలేదు. నేను వెళ్ళేసరికి యార్డులో మేనేజరు గొంతు వినబడుతోంది.

తొట్టి దగ్గర ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నాడు. మనిషి నెరిసిపోయాడు. ఎదురుగా పెద్దాయన కూతురు, చేతిలో అగ్రిమెంటు. తొట్టిలో నీళ్ళు నల్లగా, నురగ కట్టి, కుళ్ళు వాసన కొడుతున్నాయి. నాకు సంగతి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అంతకు ముందు వారం దారిలో వంతెన పని జరుగుతుంటే లారీలు ఆగిపోయాయి. ఫ్యాక్టరీవాళ్ళు నానబెట్టిన లోడు అడిగారు. ఇక్కడి నుంచి సగం పంపారు. మిషను మీద పెడితే పుల్లలన్నీ నల్లగా వచ్చాయి. ఎవరూ కొననన్నారు.

"నాలుగు నెలలుగా ఇదే లోడా అమ్మా?"

"ఇదే సార్. నాయన పోయే ముందర దించినారు. తర్వాత మేము ముట్టుకోలేదు."

"ముట్టుకోలేదా! ఎందుకు?"

"తొమ్మిదో పేజీ చూడండి సార్. ఎల్లప్పుడూ ఒక లోడు నీళ్ళలో ఉంచవలెను. ఉంచినాము. ఒక్క పూట గుడక నీళ్ళు తగ్గనీలేదు."

ఆమె గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే ఆ పేజీని కాపాడుకుంటూ వచ్చింది. ఈ ఒప్పందం ఇంకా కొన్నేళ్ళు ఉంది. దాన్ని ఒక అక్షరం తప్పినా, తొట్టి ఒక్క పూట ఖాళీ అయినా, యార్డు పోతుందని ఆమె భయం. ఆ భయంతోనే ముప్పై ఒక్క పేజీలనూ కంఠతా పట్టింది.

"ఉంచేది సరి. పదేసి రోజులకు మార్చాల కదా! నానితే నల్లబడిపోదా?"

"మార్చాలని యాడుండాది సార్?"

మేనేజరు ఆమె చేతిలోంచి అగ్రిమెంటు తీసుకున్నాడు. తొమ్మిదో పేజీ తిప్పాడు. పదో పేజీ తిప్పాడు. వెనక్కు వచ్చాడు. మూడు రోజులు కూర్చుని తానే రాసుకున్న కాగితం. లారీ డ్రైవరు అన్నం ఉంది. బెరడు ఉంది. మార్చడం లేదు. చెప్పవలసినవాడు దాన్ని వళక్కం అనుకోలేదు. రోజూ చేసే పని అనుకున్నాడు. పని గురించి ఎవరు చెబుతారు.

మేనేజరు సాక్షి కోసం అన్నట్టు నా వైపు చూశాడు. మళ్ళీ ఆమె వైపు తిరిగాడు. పాపం, ఆ మాట ఎక్కడిదో గుర్తుకొచ్చే లోపలే నోట్లోంచి వచ్చేసింది.

"ఇది గుడక రాయాలా అమ్మా? తెలిసిందే కదా!"

బెరడు తీస్తున్న ముసలాయన చేతిలో కత్తి ఆగిపోయింది. మేనేజరుకు కూడా తన మాట అప్పుడు వినబడింది. ముక్కుకు పెట్టుకున్న గుడ్డ కిందికి దించాడు.

ఆమె తొట్టి అంచున కూర్చుని, పైకి తేలిన ఒక దుంగకు బొటనవేలి గోరు గుచ్చింది. తీసి వాసన చూసింది. ముక్కు చిట్లించింది. ఆ మూడు పనులూ ఆమెకు ఎవరూ నేర్పలేదు. చూస్తూ పెరిగింది.

మేనేజరు సంచీలోంచి కలం తీశాడు. తొమ్మిదో పేజీలో, ఆ వాక్యం పక్కన ఖాళీగా ఉన్న చోటు వెతుక్కున్నాడు.

"వద్దు సార్" అంది ఆమె.

"ఎందుకమ్మా? మళ్ళీ ఇట్లా జరగకుండా ఒక మాట చేర్చుకుంటే సరిపోతాది."

"మారుస్తాము సార్. ఈ దినమే మారుస్తాము. పదేసి రోజులకు నేనే నిలబడి మార్పిస్తాను. కానీ రాయొద్దండి. నాయన అన్నట్టు, రాస్తే మళ్ళా..."

అక్కడ ఆపేసింది. చేతులు కడుక్కోవడానికి బావి వైపు పోయింది.

మేనేజరు కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నీడలో కూర్చున్న ఇద్దరు మనుషులు ఎవరూ చెప్పకుండానే లేచారు. తొట్టిలోకి దిగి, దుంగల మీది రాళ్ళు ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టసాగారు.